వాకిట్లో ఆగిపోయిన లారీ: ముందు లెక్క, తర్వాత మరమ్మతు, చివర రంగు

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఊళ్లలోనూ, నూజివీడు మామిడి తోటల దారుల్లోనూ, తాండూరు, బేతంచర్ల నాపరాళ్ల గనుల పరిసరాల్లోనూ ఒక దృశ్యం తరచుగా కంటబడుతుంది. వేపచెట్టు నీడనో, ప్రహరీ గోడ పక్కనో ఒక పాత లారీ నిలిచి ఉంటుంది. గాలి పోయిన టైర్లు నేలలోకి కుంగి ఉంటాయి. బాడీ పలకల సందుల్లోంచి గడ్డి మొలుస్తుంది. క్యాబిన్‌లో కోళ్లు గుడ్లు పెడతాయి. పిల్లలు స్టీరింగు తిప్పుతూ ఆడుకుంటారు. ఒకప్పుడు ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన బండి క్రమంగా వాకిట్లోని బండరాయితో సమానమైపోతుంది.

అది ఆగిపోవడానికి కారణం ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్కటి. యజమాని కన్నుమూసి ఉండవచ్చు. నడుము నొప్పి పెరిగి స్టీరింగు వదిలేసి ఉండవచ్చు. కొడుకు గల్ఫ్‌కు వెళ్లిపోయి ఉండవచ్చు. కొన్నేళ్ల తర్వాత కొత్త బండి ధర విని వెనక్కి తగ్గిన కుటుంబానికి ఈ పాతదే మళ్లీ కళ్లముందు నిలుస్తుంది. 'దీన్నే బాగు చేయించుకుంటే సరిపోదా?' అనే మాట భోజనాల దగ్గర మొదలవుతుంది. మంచి ఆలోచనే. అయితే చాలామంది ఈ పనిని రంగుతో మొదలుపెడతారు. మెరిసే బండిని చూసి మురిసిపోతారు. లోపల పగిలిన ఛాసిస్ పగిలినట్లే ఉంటుంది. తీరని బాకీలు తీరనట్లే ఉంటాయి. అక్కచెల్లెళ్ల వాటా ప్రస్తావనకే రాదు. పైకి కనిపించని ఈ మూడూ సరి అయినప్పుడే లారీ నిజంగా బాగుపడినట్లు.

ఏ తరం బండి?

మన రహదారులపై దశాబ్దాలపాటు తిరిగిన టాటా లారీల చరిత్ర 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సంస్థతో కుదిరిన ఒప్పందంతో మొదలయింది. ఆ ఒప్పందం 1969లో ముగిసినా పెద్దవాళ్ల నోట 'బెంజి లారీ' అనే మాట చాలాకాలం నిలిచింది. 1986లో వచ్చిన టాటా 407 చిన్న రైతుకూ, చిన్న వ్యాపారికీ అందిన బండి. ఈనాడు పెరళ్లలో ఆగి ఉన్నవాటిలో ఈ రకానివి ఎక్కువగానే కనిపిస్తాయి.

పాత బండ్లకు ఒక సౌలభ్యం ఉంది. వాటి డీజిల్ పంపు, నాజిళ్లు యాంత్రికంగా పనిచేసేవి. అనుభవజ్ఞుడైన మేస్త్రీ పానా పట్టుకుని విప్పి చూడగలడు. దేశమంతటా 2017 ఏప్రిల్‌లో బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఆ తర్వాతి బండ్లలో సెన్సర్లు, ఎలక్ట్రానిక్ నియంత్రణ ఎక్కువ. వాటికి కంప్యూటరుతో పరీక్షించే చోటు అవసరమవుతుంది. బాడీ కట్టడంలో దేశమంతటా పేరున్న విజయవాడ ఆటోనగర్‌లోనూ, హైదరాబాదు ఆటోనగర్‌లోనూ కమాన్ కట్టలకు ఒకరు, నాజిళ్లకు ఒకరు, వైరింగుకు ఒకరు, పలకలకు ఒకరు దొరుకుతారు. వారిలో తరతరాలుగా ఈ పనినే నమ్ముకున్న ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి.

మొదటి పని: క్యాబిన్‌లోని కాగితాలు

చీపురు పట్టుకునే ముందు క్యాబిన్‌లో ఉన్న ప్రతి కాగితాన్నీ బయటకు తీసి ఒక సంచిలో భద్రపరచాలి. సీటు కింద, సన్‌వైజర్ వెనుక, పనిముట్ల పెట్టెలో ఆర్‌సీ, పర్మిట్, బీమా పత్రాలతో పాటు డ్రైవరు రాసుకున్న చిన్న పుస్తకం దొరకవచ్చు. డీజిల్ బంకులో అరువు, టైర్ల దుకాణంలో బాకీ, క్లీనరుకు రావలసిన జీతం, ఎవరి సరుకుకు ఎంత కిరాయి రావాలి అన్న వివరాలు అందులో ఉంటాయి. చెత్తతోపాటు ఆ పుస్తకాన్ని పారేస్తే ఇతరుల హక్కును పారేసినట్లే.

యజమాని మరణించి ఉంటే ఈ లెక్కకు మరింత ప్రాధాన్యం ఉంది. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, మూడో వంతుకు మించని వీలునామా, ఆ తర్వాతనే వారసుల వాటాలు అన్నది మన ధర్మశాస్త్రం నిర్దేశించిన క్రమం. ఫైనాన్సు సంస్థకు మిగిలిన వాయిదాలు, క్లీనరు జీతం, బకాయిపడిన వాహన పన్ను, ఈ-చలాన్లు అన్నీ అప్పుల కిందికే వస్తాయి. పన్ను విషయంలో చాలామంది ఒక సంగతి గమనించరు. రవాణా కార్యాలయానికి ముందుగా 'స్టాపేజీ' తెలియజేయకుండా బండిని ఇంట్లో ఆపితే త్రైమాసిక పన్ను పెరుగుతూనే ఉంటుంది.

ఈ బండి ఎవరిది?

మరమ్మతు చేయించేవాడు పెద్దకొడుకు కావచ్చు. అంతమాత్రాన బండి అతనిది కాదు. తండ్రి వదిలి వెళ్లిన ఆస్తిలో తల్లికి, కూతుళ్లకు, కొడుకులకు దేవుడు నిర్ణయించిన వాటాలున్నాయి. మన దేశంలో 1937నాటి ముస్లిం పర్సనల్ లా (షరీఅత్) వర్తింపు చట్టం కూడా వారసత్వానికి ఆ నియమాలనే వర్తింపజేస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. అప్పులన్నీ తీరగా బండి విలువ 2,40,000 రూపాయలు నిలిచిందనుకుందాం. మరణించినవారికి భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. తల్లిదండ్రులు అంతకుముందే గతించారు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 30,000. మిగిలిన 2,10,000లో కొడుకుకు 1,05,000, ఒక్కొక్క కూతురికి 52,500. మరణించినవారి తల్లిదండ్రులు జీవించి ఉంటే వారికీ వాటా ఉంటుంది. అప్పుడు లెక్క మారుతుంది. అలాంటి సందర్భంలో తెలిసిన ఆలిమ్‌ను సంప్రదించాలి.

అసలు చిక్కు రవాణా కార్యాలయంలో ఎదురవుతుంది. మోటారు వాహనాల నియమాల ప్రకారం యజమాని చనిపోయిన 30 రోజుల్లోగా ఆ విషయాన్నీ, బండిని వాడుకోదలచిన సంగతినీ కార్యాలయానికి తెలియజేస్తే వారసుడు మూడు నెలలపాటు దాన్ని నడపవచ్చు. ఆ మూడు నెలల్లోపు ఫారం 31 ద్వారా పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోవాలి. పర్మిట్ మార్పుకు వేరే దరఖాస్తు ఉంటుంది. అప్పు తీరిన బండికి ఫైనాన్సు సంస్థ ఇచ్చే పత్రంతోపాటు ఫారం 35 సమర్పించాలి. గడువు దాటిపోయినా దారి మూసుకుపోదు, ఆలస్యానికి అదనపు రుసుము కట్టవలసి రావచ్చు.

పేరు మార్పు సమయంలో మిగతా వారసుల నుంచి 'అభ్యంతరం లేదు' అని సంతకాలు అడుగుతారు. అన్న అడగగానే చెల్లెళ్లు సంతకం పెట్టేస్తారు. బండి కాగితాలు ఒకరి పేరిట ఉంటే నడుపుకోవడం సులువు కాబట్టి పెట్టే సంతకం అది. దాన్ని వాటా వదులుకున్నట్లుగా భావించడం అన్యాయం. మొహమాటంతో 'నాకెందుకులే' అన్న మాటను ఆసరాగా తీసుకోవడం కూడా అంతే. వాటా విలువ ఎంతో ముందు ఆమెకు చెప్పాలి. ఆ తర్వాత ఆమె సంతోషంగా ఏ నిర్ణయం తీసుకున్నా అది ఆమె ఇష్టం. ఈ మాటలన్నీ ఒక కాగితంపై రాసి, సాక్షులతో సంతకాలు చేయించడం అపనమ్మకానికి గుర్తు కాదు. బాకీ వ్యవహారాలను రాసి ఉంచుకోమని దివ్యఖుర్‌ఆన్ ఆదేశించింది. మరమ్మతుకు ఎవరు ఎంత పెట్టారు, కిరాయి వస్తే ఎవరికి ఎంత, నడిపేవారికి జీతం ఎంత అన్నవి కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

శుభ్రం చేయడం: నీళ్లకంటే ముందు కర్ర

ఏళ్ల తరబడి కదలని బండి జీవాలకు ఇల్లు. చక్రాల మధ్య పాము, పలకల కింద తేలు, బాడీ మూలల్లో కందిరీగల గూడు ఉండవచ్చు. కాబట్టి మొదట పొడవాటి కర్రతో కదిలించి చూడాలి. మందపాటి చేతి తొడుగులు, బూట్లు లేకుండా ఎవరూ చేయి పెట్టకూడదు. ఎలుకలు వైర్లపై తొడుగు కొరికేసి ఉంటాయి. అందువల్ల వైరింగు చూడకుండా బ్యాటరీ కలిపితే మంటలు లేచే ప్రమాదముంది.

తర్వాత బాడీలో పేరుకున్నదంతా పారతో ఎత్తాలి. ఆ బండి ఏ సరుకు మోసిందో గుర్తు చేసుకోవడం మంచిది. ఉప్పు, ఎరువులు మోసిన లారీలో ఆ పొడి తేమను పీల్చుకుని ఇనుమును త్వరగా తినేస్తుంది. అలాంటి చోట పలకలు విప్పి కింది ఇనుప దూలాలను చూడవలసిందే. ధారాళంగా నీళ్లు పోసి కడిగేటప్పుడు డైనమో, సెల్ఫ్ మోటారు, ఫ్యూజుల పెట్టె తడవకుండా ప్లాస్టిక్ కప్పాలి.

తుప్పు గీకేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. ఛాసిస్ నంబరు ఇనుముపైనే చెక్కి ఉంటుంది. ఇంజను నంబరూ అంతే. గ్రైండరుతో అత్యుత్సాహంగా గీకి ఆ అంకెలను చెరిపేస్తే తనిఖీలో బండి నిలిచిపోతుంది. ఆ చోట మెత్తని బ్రష్షుతో తుడిచి, స్పష్టంగా ఫోటో తీసుకుని, గ్రీసు రాసి ఉంచాలి.

ఇంజనును తొందరపెట్టవద్దు

కొత్త బ్యాటరీ తెచ్చి వెంటనే సెల్ఫ్ కొట్టాలనిపిస్తుంది. అది నష్టం తెచ్చే తొందర. సిలిండర్ల గోడలకు తుప్పు పట్టి పిస్టన్లు అతుక్కుని ఉండవచ్చు. మేస్త్రీలు ముందుగా నాజిళ్లు విప్పి, ఆ రంధ్రాల ద్వారా కొద్దిగా ఇంజను ఆయిల్ పోసి ఒక రోజు వదిలేస్తారు. తర్వాత పానాతో క్రాంకును చేత్తో నెమ్మదిగా తిప్పుతారు. స్వేచ్ఛగా తిరిగితేనే తర్వాతి అడుగు. కదలని ఇంజనును మరో బండికి కట్టి లాగిస్తే లోపల విరిగేవి చాలా ఉంటాయి.

ఇంజను ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే అందులో నీళ్లు కలిశాయని అర్థం. డీజిల్ ట్యాంకులోనూ తేమ చేరుతుంది. నీరు, డీజిలు కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు తయారవుతుంది. కాబట్టి పాత డీజిల్ పూర్తిగా తీసేసి, ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, గొట్టాల్లోని గాలిని బయటకు పంపాలి. రేడియేటరు, హోసులు, ఫ్యాన్ బెల్టు, గేర్‌బాక్సు, హౌసింగ్ ఆయిళ్లు ఆ వరుసలోనే చూడాలి.

పరుల ప్రాణం ముడిపడిన చోట్లు

ఇంజను పనిచేయకపోతే బండి కదలదు, అంతే. బ్రేకు పనిచేయకపోతే దారిన పోయేవారి ప్రాణం పోతుంది. డబ్బు తక్కువైతే రంగు, సీటు కవర్లు, అద్దాల చుట్టూ అలంకారాలు ఆపుకోవచ్చు. బ్రేకు, స్టీరింగు, టైరు, ఛాసిస్ విషయంలో మాత్రం ఆపుకోవడానికి వీలులేదు.

పాత 407 వంటి చిన్న బండ్లలో బ్రేకులు ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తాయి. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం కలది. అందువల్ల గొట్టాలు, చక్రాల దగ్గరి సిలిండర్లు లోపల తుప్పు పడతాయి, రబ్బర్లు గట్టిపడతాయి. వాటన్నిటినీ విప్పి మార్చాలి. పెద్ద లారీల్లో గాలి బ్రేకులుంటాయి. వాటి ట్యాంకుల్లో చేరిన నీటిని వదలాలి, గాలి ఎక్కడ కారుతోందో చూడాలి. వెనుక చక్రాల వద్ద ఉండే స్ప్రింగు బ్రేక్ చాంబరులో చాలా బలమైన స్ప్రింగు బిగించి ఉంటుంది. తెలియనివారు దాన్ని విప్పితే ప్రాణాంతకం.

టైరు మందం చూసి మోసపోకూడదు. దాని పక్క గోడపై నాలుగు అంకెలుంటాయి. 2318 అని ఉంటే అది 2018లో 23వ వారంలో తయారయిందని అర్థం. గాట్లు అరగకపోయినా పక్కల సన్నని పగుళ్లు ఉన్న పాత టైరు బరువు మీద పేలిపోతుంది. పాత లారీల చక్రాలకు విడిగా లాక్ రింగు ఉంటుంది. తుప్పు పట్టిన రింగు సరిగా కూర్చోకపోతే గాలి కొట్టేటప్పుడు అది తుపాకి గుండులా ఎగిరివస్తుంది. పంక్చర్ దుకాణాల్లో ఇలా ప్రాణాలు కోల్పోయినవారున్నారు. ఇనుప బోనులో పెట్టి, దూరంగా నిలబడి గాలి కొట్టాలి.

ఛాసిస్‌ను సుత్తితో తట్టుకుంటూ పోతే గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము మందంగా పలుకుతుంది. కమాన్ కట్టల బ్రాకెట్ల దగ్గర, దూలాలు కలిసే చోట్ల పగుళ్లను ప్రత్యేకంగా వెతకాలి. పగులుపై లప్పం పెట్టి రంగు పూయడం మరమ్మతు కాదు, దాచడం. కేవలం జాకీ ఆధారంతో నిలిచిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. గట్టి స్టాండ్లో, మందపాటి చెక్క దిమ్మలో పెట్టిన తర్వాతే దూరాలి.

ఇంట్లో పిల్లలున్నారు

పని వాకిట్లోనే సాగితే పిల్లలు చుట్టూ మూగుతారు. పాత బ్రేక్ లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశముంది. డ్రమ్ము విప్పి గాలిపైపుతో ఊదితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి చేరి ఏళ్ల తర్వాత జబ్బు చేస్తుంది. తడిగుడ్డతో తుడవాలి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, కాబట్టి పొడిగా కాక నీటి కాగితంతో రుద్దడం మేలు. ఆ బట్టలతో లోపలికి వెళ్లి పసిబిడ్డను ఎత్తుకోకూడదు. ఇంట్లో ఆడవాళ్లు ఆ బట్టలను మిగతావాటితో కలిపి ఉతకకూడదు.

తీసేసిన ఆయిల్‌ను నేలమీద పోస్తే అది బావి నీటిదాకా ఇంకుతుంది. డబ్బాల్లో పట్టి, పాత ఆయిల్ తీసుకునేవారికి ఇవ్వాలి. పాత బ్యాటరీని దుకాణదారుకే తిరిగి అప్పగించాలి. పనికి కుర్రవాడిని పిలిచేటప్పుడు అతని వయసు అడగాలి. 14 ఏళ్లలోపు బాలుణ్ణి పనిలో పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. మన పిల్లలు బడిలో ఉన్న వేళ మరొకరి బిడ్డ మన లారీ కింద పడుకుని నట్లు విప్పడం ఏ విధంగానూ సమంజసం కాదు.

నిలుపుకోవాలా, వదులుకోవాలా?

విప్పడం మొదలుపెట్టకముందే ఇంజను, బాడీ, టైర్లు, కాగితాలు అనే నాలుగు పద్దుల కింద ఖర్చు రాసుకోవాలి. 407కు ఆరు టైర్లు, ఒక స్టెప్నీ అన్న సంగతి మరచిపోతే లెక్క తప్పుతుంది. వచ్చిన మొత్తాన్ని అదే రకం నడుస్తున్న పాత బండి ధరతో పోల్చాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ప్రతి సంవత్సరం ఫిట్‌నెస్ తప్పనిసరి. 15 ఏళ్లు దాటినవాటికి ఆ రుసుములు బాగా పెరిగాయి. అందుచేత మేస్త్రీకి బయానా ఇచ్చే ముందే రవాణా కార్యాలయంలో వివరాలు కనుక్కోవాలి.

లెక్క కుదరకపోతే తుక్కుకు ఇవ్వడం ఓటమి కాదు. తండ్రి జ్ఞాపకం బండిలోనే ఉండిపోదు. కాకపోతే దారిన పోయే పాత ఇనుము వ్యాపారికి అమ్మి చేతులు దులుపుకోవడం సరికాదు. 2021 నియమాల కింద నమోదయిన తుక్కు కేంద్రానికి అప్పగిస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. రిజిస్ట్రేషను కూడా రద్దు చేయించుకోవాలి. వేరొకరికి అమ్మినా పేరు మార్పు పూర్తయ్యేదాకా వదలకూడదు. ప్రమాదం జరిగితే రిజిస్టరులో పేరున్న యజమానే పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అమ్మకం మాట వచ్చింది కాబట్టి మదీనా బజారులో జరిగిన ఒక సంఘటన గుర్తుచేసుకోవాలి. దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పాడు. తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఉంచవలసిందని చెబుతూ, మోసం చేసేవాడు తనవాడు కాడని ఆయన (స) హెచ్చరించారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ ఉల్లేఖనం కొత్త రంగు వేసిన పాత లారీకి సరిగ్గా వర్తిస్తుంది. ఛాసిస్‌కు ఎక్కడ అతుకు పడిందో, ఇంజను ఎంత విప్పారో కొనేవానికి చెప్పి అమ్మాలి.

రంగు, ఆ తర్వాత మొదటి కిరాయి

ఇవన్నీ ముగిశాకే రంగు. తుప్పును ఇనుప బ్రష్షుతో తీసి, దుమ్ము, నూనె జిడ్డు లేకుండా తుడిచి, ఆ రోజే రెడ్ ఆక్సైడ్ పూయాలి. రాత్రి మంచులో వదిలితే మళ్లీ తుప్పు మొదలవుతుంది. అది బాగా ఆరిన తర్వాత ఎనామిల్ రెండు పూతలు చాలు. వెనుక ఎర్ర లైట్లు, రిఫ్లెక్టివ్ టేపులు, గార్డు అందంకోసం కాదు. రాత్రివేళ వెనుక వచ్చే మోటారు సైకిల్‌వాని ప్రాణం కోసం.

ఫిట్‌నెస్, బీమా, కాలుష్య ధ్రువపత్రం చేతికి వచ్చాక మొదటి ప్రయాణం పగటిపూట, ఖాళీ బండితో, దగ్గరి దూరానికి ఉండాలి. పది కిలోమీటర్లు వెళ్లి ఆపి, చేయి దగ్గరగా పెట్టి ఏ డ్రమ్ము వేడెక్కిందో, ఏ గొట్టం కారుతోందో చూడాలి. చక్రాల నట్లు మళ్లీ బిగించాలి. ఆ తర్వాత సగం బరువు, ఆపైన పూర్తి బరువు. మొదటి కిరాయి వచ్చిన రోజున కొత్త పుస్తకం తెరిచి, పాత పుస్తకంలో మిగిలిన బాకీని మొదటి పుటలో రాయాలి. క్లీనరు జీతం తీర్చాలి. అమ్మ చేతిలో ఆమె వాటా పెట్టాలి. అక్కచెల్లెళ్లకు వారి భాగం పంపాలి. మిగిలినది నడిపినవాడి కష్టార్జితం.